కారు డిక్కీ తాళము కథ

రెండు నెలలుగా కదలక షెడ్డులో నిలిచియున్న కారు ఒకటి. యజమాని పొరుగూరినుండి తిరిగి వచ్చి, చేతిలోని రిమోటు మీటను నొక్కెను. దీపములు మిణుకుమనలేదు, తలుపులు టక్కుమనలేదు. బాటరీ పూర్తిగా దిగిపోయినది. వేరొక బాటరీనుండి తీగలు తగిలించి దానికి మరల ప్రాణము పోయవచ్చును గాని, అందుకు ముందు దానిని చేరవలెను గదా! ఈ కారులో బాటరీ ఉన్నది డిక్కీలో. డిక్కీ తెరచుకొనుటకు బాటరీలో విద్యుత్తు ఉండవలెను. బాటరీకి విద్యుత్తు ఎక్కించుటకు డిక్కీ తెరచియుండవలెను. పెట్టె తాళముచెవిని పెట్టెలోనే పెట్టి మూత వేసినట్లయినది.

ఈ చిక్కు ఏ ఒక్క ఇంజనీరు చేసిన పొరపాటువలననో పుట్టినది కాదు. తాళమునకొక చరిత్ర కలదు, బాటరీకొక చరిత్ర కలదు, డిక్కీకి కూడ ఒక చరిత్ర కలదు. ఈ మూడును వేరువేరు దారులలో, దేనికది సక్రమముగనే నడచివచ్చి ఒకచోట ముడిపడినవి. ఆ ముడి ఎట్లు పడెనో తెలిసికొనవలెనన్నచో ముందుగా తాళముచెవి చేయు పని ఏమిటో విచారింపవలెను.

తాళముచెవి చేయునది ఒక పని కాదు, రెండు. మొదటిది గుర్తింపు: ఈ చెవి ఈ తాళమునకు చెందినదే అని దాని పండ్ల అమరికవలన తెలియును. రెండవది శక్తి: పట్టి త్రిప్పిన వ్రేళ్ళ బలము చెవి గుండ పోయి గడియను వెనుకకు లాగును. వేల సంవత్సరములపాటు ఈ రెండు పనులును ఒక్క లోహపు ముక్కలోనే ఇమిడియుండుటచేత, అవి రెండని ఎవరికిని తోచలేదు.

ప్రాచీన ఈజిప్టువారి కొయ్య తాళమునందే ఈ రెండు పనులును స్పష్టముగా కనిపించును. తలుపునకు అడ్డముగా జరుగు కొయ్య గడియకు పైభాగమున కొన్ని రంధ్రములుండెడివి. గడియ మూసినప్పుడు పైనుండి చిన్న మేకులు తమ బరువుచేతనే ఆ రంధ్రములలోనికి జారి దానిని కదలకుండ పట్టుకొనెడివి. చెవి పండ్లపుల్ల వంటి పొడుగైన కొయ్య. దాని చివర, ఆ మేకులకు సరిపోవునట్లు, నిలువుగా కొన్ని పుల్లలు గ్రుచ్చియుండెడివి. దానిని గడియలో దూర్చి పైకెత్తినచో మేకులన్నియు ఒక్కసారి లేచును. ఇది గుర్తింపు. ఆ పిమ్మట చెవిని పట్టి గడియను లాగవలెను. ఇది శక్తి.

తరువాతి వేల యేండ్లలో తాళములు చేయువారు తమ తెలివినంతయు గుర్తింపుమీదనే వెచ్చించిరి. ఇంగ్లండులో రాబర్టు బారన్ 1778లోను, జోసెఫ్ బ్రామా 1784లోను పేటెంటు పొందిన తాళములు అంతకు ముందున్న వానికంటె ఎంతో జటిలమైనవి. బ్రామా తన అంగడి కిటికీలో ఒక తాళమునుంచి, దానిని చెవి లేకుండ తెరచినవారికి 200 గినీలు బహుమానమని ప్రకటించెను. అది అర్ధ శతాబ్దికి పైగా ఎవరికిని లొంగలేదు. 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనకు వచ్చిన ఆల్‌ఫ్రెడ్ హాబ్స్ అను అమెరికా తాళముల నిపుణుడు 16 దినములలో, మొత్తము 51 గంటలు శ్రమించి దానిని తెరచి ఆ బహుమానమును గైకొనెను. లండను వర్తకుల గుండెలు ఝల్లుమన్నవి. తాళములు చేయువారు మాత్రము మరింత పట్టుదలతో పనికి పూనుకొనిరి.

నేటికిని ఇండ్ల తలుపులలో కనిపించు చిన్న బల్లపరుపు చెవి అమెరికాకు చెందిన లైనస్ యేల్ అను తండ్రీకొడుకుల కృషిఫలము. కొడుకు పొందిన పేటెంట్లు 1861, 1865 సంవత్సరములవి. ఈజిప్టు మేకులనే ఆయన చిన్నవిగా చేసి, ఒక్కొక్కదానిని రెండు తునకలుగా కోసి, పైన స్ప్రింగు నుంచెను. సరియైన చెవి లోనికి పోయినప్పుడు కోతలన్నియు ఒకే గీతమీదికి వచ్చును. అప్పుడు నడుమనున్న స్తూపము తిరుగును. కార్లలో మేకులకు బదులు పలుచని ఇత్తడి రేకులు వాడుట పరిపాటి యైనది. అవి చౌక, దుమ్మును కొంత ఓర్చుకొనును. గుర్తింపు ఇంత సూక్ష్మమైనను శక్తి విషయము మాత్రము ఈజిప్టు నాటినుండి మారలేదు. గడియను లాగునది మనిషి చేయియే. కావున తాళము ఎప్పుడును ఆకలిగొనెడిది కాదు. నూరేండ్లు మూతపడియున్న భోషాణమునకు కూడ, త్రుప్పు పట్టకున్నచో, దాని చెవి చాలును.

ఇక డిక్కీ. తొలినాటి కారునకు తాళమే లేదు. చాలవానికి తలుపులును లేవు. గుఱ్ఱపు బండ్లలో సేవకులు కూర్చుండు విడి పీటను ఇంగ్లీషువారు డిక్కీ అనిరి. తొలి కార్లకు వెనుకవైపున, మూత తీసినచో ఆసనముగా మారు ఏర్పాటు ఒకటి ఉండెడిది. దానికిని ఆ పేరే అంటినది. పీట పోయి అందు సామాను చేరిన తరువాత కూడ మనవారు ఆ పేరును విడువలేదు. ఇంగ్లండులో దీనినే బూటు అందురు. అది గుఱ్ఱపు కోచిలో సామాను పెట్టు అరకున్న పేరు. అమెరికావారు కారు వెనుక తోలుపట్టీలతో కట్టిన ట్రంకుపెట్టె పేరునే దీనికి పెట్టుకొనిరి. ఒకే అరకు మూడు దేశములలో మూడు పేర్లు. మూడింటికిని మూలము కారు కాదు, గుఱ్ఱపు బండి, ప్రయాణపు పెట్టె. 1930ల నాటికి ఈ అర కారు శరీరములోనే భాగమై, దానికి లోహపు మూతయు, మూతకొక తాళమును ఏర్పడినవి. మన దేశమున 1950ల చివరినుండి 2014 వరకు తయారైన అంబాసిడరు కారు డిక్కీని తెరచుటకు చెవి, చేయి తప్ప మరేదియు అవసరము లేకుండెను.

బాటరీ కారులోనికి వచ్చినది తాళముకొరకు కాదు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే 1859లో రెండు సీసపు రేకులను నడుమ గుడ్డ నుంచి చుట్టి, నీరు కలిపిన గంధకికామ్లములో ముంచి, విద్యుత్తును మరల మరల నింపుకొనదగిన ఘటమును తయారుచేసెను. 1881లో కమిల్ ఫోర్ సీసపు పలకలకు సీసపు ఆక్సైడు ముద్దను పూసి దానిని త్వరగా తయారగునదిగను, ఎక్కువ విద్యుత్తు పట్టునదిగను చేసెను. నేటి కారు బాటరీ ఈ ఘటమునకు మనుమడే. అప్పటి పెట్రోలు కార్లను మాత్రము ముందువైపున ఇనుప పిడి తగిలించి చేతితో త్రిప్పి నడిపించెడివారు. ఇంజను ఒక్కొక్కప్పుడు ఎదురు తన్నెడిది; మణికట్టులు విరిగెడివి.

ఈ బాధను తొలగించినవాడు చార్లెస్ కెటరింగ్. ఆయన అంతకుముందు డేటన్ నగరములో అంగళ్ళలోని నగదు లెక్కించు యంత్రములకు విద్యుత్ మోటారు అమర్చిన అనుభవము గలవాడు. ఇంజనును త్రిప్పవలెనన్నచో పెద్ద మోటారు కావలెనని అందరు అనుకొనుచుండగా, ఎల్లకాలము తిరుగవలసిన మోటారు వేరు, కొద్ది క్షణములు మాత్రము బలమంతయు కూడదీసికొని తిరుగవలసిన మోటారు వేరు అని ఆయన గ్రహించెను. 1912 నమూనా కాడిలాక్ కార్లలో ఆయన స్టార్టరు వచ్చెను. ఇంజను నడచుచున్నంతసేపు అదే యంత్రము జనరేటరై బాటరీని నింపెడిది. పిడి త్రిప్పుట అటుపిమ్మట కూడ చాల యేండ్లు అక్కరకు వచ్చెను. బాటరీ దిగిపోయినచో పిడి తిప్పుటయో, పదిమందిని పిలిచి కారును తోయించుటయో మన పెద్దలందరు ఎరిగినదే.

ఒకసారి బాటరీ కారులో స్థిరపడిన తరువాత, చేయి చేయు పనులు ఒక్కొక్కటిగ దానికి అప్పగింపబడినవి. దీపములు, హారను, అద్దము తుడుచు కర్ర, కిటికీ అద్దములు. 1956లో పాకార్డు కార్లలో విద్యుత్తుతో పడు తలుపు తాళములు వచ్చినవి. తీగచుట్టలో విద్యుత్తు పోయినచో అది అయస్కాంతమై ఇనుప కడ్డీని లోనికి లాగుకొనును. ఉన్నత పాఠశాల విద్యార్థులు ప్రయోగశాలలో చూచునదే ఇది. ఆ కడ్డీని గడియకు తగిలించినచో, డ్రైవరు తన సీటునుండి లేవకుండ మీట నొక్కి తలుపులను బిగింపవచ్చును. డిక్కీ మూతనైనను విడిపింపవచ్చును. తరువాత అయస్కాంతమునకు బదులు చిన్న మోటారు, పండ్ల చక్రములు వచ్చినవి. ఇక్కడ తాళముచెవి చేయు రెండవ పని, అనగా శక్తి, చేతినుండి బాటరీకి మారినది.

మొదటి పని మారుటకు మరి పాతికేండ్లు పట్టెను. 1982లో ఫ్రాన్సులోని రెనో వారు తమ ఫ్యూగో కారునకు దూరమునుండి తలుపులు తీయు పరికరమును అమర్చిరి. అది కంటికి కనబడని పరారుణ కిరణములతో పనిచేసెడిది, కారువైపు గురిపెట్టవలెను. ఆ వెనుక రేడియో తరంగములు వచ్చుటతో గురి అక్కరలేకపోయెను. కాని రేడియో సంకేతమును దొంగయు విని, యంత్రములో పట్టుకొని, తరువాత మరల వినిపింపవచ్చును. ఈ మోసమును అరికట్టుటకు ప్రతిసారి మారు సంకేతమును కనిపెట్టిరి. రిమోటు, కారు రెండును ఒక రహస్య సంఖ్యను, ఒక లెక్కను తమలో ఉంచుకొనును. మీట నొక్కిన ప్రతిసారి లెక్క ముందుకు జరిగి కొత్త సంకేతము పుట్టును. ఒకసారి చెల్లిన సంకేతము, వాడిన రైలు టిక్కెట్టువలె, రెండవసారి చెల్లదు. దక్షిణాఫ్రికాలో 1980లలో రూపొందిన కీలాక్ అను పద్ధతి ఇట్టిదే. తెలుగువారు తాళము తీయు సాధనమునకు ఎందుకు చెవి అని పేరు పెట్టిరో గాని, ఇప్పుడు చెవి కారులోనికి మారినది: రిమోటు పలుకును, కారు వినును.

ఇట్లు గుర్తింపు రేడియోకు, శక్తి మోటారునకు పోయిన పిదప డిక్కీ మూతమీది తాళపు రంధ్రము పనిలేనిదిగా కనిపించెను. రంధ్రముండిన చోట దొంగ స్క్రూడ్రైవరు దూర్చును, వాననీరు చేరును, దానికి ఖర్చు కూడ. కావున క్రమక్రమముగా దానిని తీసివైచి, రబ్బరు తొడుగు క్రింద చిన్న మీటనుంచిరి. ఆ మీట గడియను లాగదు. గడియను లాగుమని కారులోని కంప్యూటరుకు విన్నవించును.

ఇంతలో బాటరీ కూడ స్థానము మార్చుకొనెను. ఇది కొత్త సంగతి కాదు. 1959లో ఇంగ్లండులో వచ్చిన మినీ కారు ముందుభాగములో ఇంజను అడ్డముగా ఇరికింపబడుటచేత బాటరీని డిక్కీ అడుగుననే ఉంచిరి. అయినను చిక్కేమియు రాలేదు, ఏలయనగా మినీ డిక్కీ మూత పిడి త్రిప్పిన తెరచుకొనెడిది. తరువాత కొన్ని కంపెనీలు, ముఖ్యముగా జర్మనీలోని బి.ఎం.డబ్ల్యు. వారు, ముందు వెనుక చక్రములమీద బరువు సమముగా పడవలెనని చాల నమూనాలలో బాటరీని వెనుకకు చేర్చిరి. ఇంజను వేడికి దూరముగా ఉండుట బాటరీకి కూడ మేలే. బాటరీ డిక్కీలో ఉండుట తప్పు కాదు; డిక్కీ తాళము విద్యుత్తుతో పనిచేయుటయు తప్పు కాదు. రెండును ఒక్కచోట కలిసినప్పుడే చిక్కు.

అసలు, కదలని కారులో బాటరీ ఎందుకు దిగిపోవలెను? కారు నిదురపోవుచున్నట్లు కనిపించును గాని దాని చెవి నిదురపోదు. రిమోటు పలుకు వినుటకు రేడియో గ్రాహకము, దొంగను పసికట్టు యంత్రము, గడియారము, కంప్యూటర్ల జ్ఞాపకశక్తి, ఇవన్నియు రాత్రింబగళ్ళు కొంచెము కొంచెముగ విద్యుత్తును త్రాగుచునే యుండును. ఆ ధార 40 మిల్లీ ఆంపియర్లని తీసికొనుడు. బాటరీ సామర్థ్యము 60 ఆంపియరు గంటలైనచో, 60ని 0.04 చేత భాగింపగా 1500 గంటలు, అనగా సుమారు 62 దినములు. విద్యార్థులు తరగతిలో చేయదగిన లెక్కయే. బాటరీ పాతదైనచో ఈ గడువు ఇంకను తగ్గును. 2020 మార్చి 25న దేశమంతట రాకపోకలు స్తంభించినప్పుడు వారములకొలది కదలక నిలిచిన కార్లకు ఈ లెక్క అనుభవములోనికి వచ్చెను.

బాటరీ ఒక్కసారిగా చావదు, దశలవారీగా నీరసించును. నిండుగా ఉన్న బాటరీ రెండు కొనల నడుమ సుమారు 12.6 వోల్టులుండును. స్టార్టరునకు నూరు ఆంపియర్లకు పైబడిన ధార కావలెను. డిక్కీ గడియ మోటారునకు కొద్ది ఆంపియర్లు, అదియు ఒక్క క్షణము. కాబట్టి నీరసించిన బాటరీ మొదట స్టార్టరును త్రిప్పలేక టకటకమని ఊరకుండును. ఆ దశలో డిక్కీ ఇంకను తెరచుకొనును. తెలిసినవారు అప్పుడే దానిని తెరచి, మూయకుండ వదలి, సాయమునకై పోవుదురు. తెలియనివారు ఇంజనును మరల మరల త్రిప్పజూచి, మిగిలిన ఆ కొంచెమును కూడ వెచ్చించి, తరువాత డిక్కీ వద్దకు వత్తురు. రిమోటులోని నాణెమంత ఘటము దిగిపోవుట వేరు సంగతి; కారులోని మీటలు పనిచేయుచుండగా రిమోటు మాత్రమే మూగవోయినచో తప్పు దానిదే, కారు బాటరీది కాదు.

కార్లు చేయువారు ఈ చిక్కును ఎరుగనివారు కారు. వారు పాత చెవిని పూర్తిగా పారవేయలేదు. చాల రిమోటులలో ఒక ప్రక్క చిన్న మీట జరిపినచో లోపలనుండి పలుచని లోహపు చెవి ఊడివచ్చును. డ్రైవరు తలుపు పిడి ప్రక్కన, ఒక్కొక్కప్పుడు ప్లాస్టిక్ మూత చాటున, దానికి సరిపోవు రంధ్రముండును. లైనస్ యేల్ కాలపు విద్యయే అది. బాటరీ దానికి అక్కరలేదు. తలుపు తెరచుకొనును. డిక్కీ మూతకు కూడ అట్టి రంధ్రముంచిన కార్లున్నవి. అక్కడితో కథ ముగియును. లేని కార్లకే వేరే మార్గములు వెదకవలసి వచ్చెను.

జర్మనీలోని పోర్షె వారి 911 కారు ఇందుకు మంచి ఉదాహరణము. దానికి ఇంజను వెనుక, డిక్కీ ముందు. బాటరీ ఆ ముందు డిక్కీలోనే యుండును. 2004లో వచ్చిన నమూనాలో ఆ మూతను విద్యుత్తు తెరచును. బాటరీ దిగిపోయినచో, ముందుగా లోహపు చెవితో తలుపు తీయవలెను. డ్రైవరు కాళ్ళవద్దనున్న ఫ్యూజుల పెట్టెలో ఒక చిన్న ధన ధ్రువము దాగియుండును. దానిని బయటికి లాగి, వేరొక బాటరీ ధన ధ్రువమునకు తీగతో కలిపి, ఋణ ధ్రువమును తలుపు వద్ద కనబడు లోహపు భాగమునకు తగిలించినచో గడియ మోటారునకు ప్రాణము వచ్చును. ఆ చిన్న ధ్రువముతో ఇంజనును నడిపింప యత్నింపరాదు. అక్కడి తీగ గడియకు కావలసిన కొద్దిపాటి ధారకే తగినది. స్టార్టరు కోరు ధారను అది భరింపలేదు. అది తలుపు తట్టుటకే గాని బండి లాగుటకు కాదు. డిక్కీ తెరచుకొన్న తరువాతనే అసలు బాటరీకి తీగలు తగిలింపవలెను.

బి.ఎం.డబ్ల్యు. వారు బాటరీ వెనుకనుంచిన కార్లలో బానెటు క్రింద ఒక ధన ధ్రువమును వేరుగా అమర్చిరి. బానెటు మీటకు కట్టినది ఉక్కు తీగ. దానిని చేయి లాగును. టయోటా వారి ప్రియస్ కారు రెండవ నమూనా (2003) సంగతి మరింత చిత్రమైనది. దానిలో 201.6 వోల్టుల పెద్ద బాటరీ ఒకటి, 12 వోల్టుల చిన్న బాటరీ ఒకటి కలవు. చిన్నది దిగిపోయినచో, అంత పెద్ద బాటరీ నిండుగా ఉండియు వెనుక తలుపును తెరువలేదు. పెద్ద బాటరీని తక్కిన కారుతో కలుపు స్విచ్చులు చిన్న బాటరీ విద్యుత్తు చేతనే మూసికొనును. ధాన్యపు కొట్టు నిండుగా ఉన్నను తాళము నౌకరు చేతిలో ఉన్నట్లు! ఇందులో కూడ బానెటును చేతితో తెరచి, ఫ్యూజుల పెట్టెలోని ధ్రువమునకు 12 వోల్టులు అందింపవచ్చును. 2017లో వచ్చిన టెస్లా వారి మోడల్ 3 విద్యుత్ కారులో ముందు మూత కూడ విద్యుత్తుతోనే తెరచుకొనును. అందుచేత వారు ముందు బంపరులో, లాగుకొనిపోవు కొక్కెము బిగించు చోటనున్న మూత చాటున రెండు తీగల కొనలనుంచిరి. బయటినుండి వానికి 12 వోల్టుల బాటరీని తాకించినచో మూత విడును.

ఇంతవరకు చెప్పినదంతయు డిక్కీ బయట నిలిచియున్నవాని చిక్కు. అతనికి కలుగు నష్టము ఒక పూట ప్రయాణము, కొంత విసుగు. డిక్కీ లోపల ఎవరైనను చిక్కినచో ఏమగును? చాల యేండ్లు ఈ ప్రశ్నను కార్లు చేయువారు పట్టించుకొనలేదు. తాళము దొంగకొరకు చేసినది. దొంగ ఉండునది బయట. కావున మూతకు లోపలివైపు ఏ పిడియు అక్కరలేదనుకొనిరి.

1995లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరములో ఆయుధములు ధరించిన దోపిడిగాండ్రు జానెట్ ఫెన్నెల్ అను ఆమెను, ఆమె భర్తను వారి కారు డిక్కీలోనే కుక్కి, కారును తోలుకొనిపోయి, దోచుకొని, అట్లే వదలిపోయిరి. చీకటిలో లోపలి అట్టలను ఊడబెరికి, గడియకు పోవు తీగను కనుగొని, దానిని లాగి దంపతులు బయటపడిరి. వారి పసిబిడ్డయు క్షేమముగా దొరికెను. అటుపిమ్మట ఆమె, డిక్కీలలో చిక్కుకొన్నవారి ఉదంతములను సేకరించుచు, ప్రతి కారు డిక్కీకి లోపలివైపున పిడి ఉండవలెనని ప్రభుత్వమునకు, కంపెనీలకు విన్నవించుచు తిరిగెను. అంతగా వినిపించుకొన్నవారు లేరు.

1998 వేసవిలో అమెరికాలో మూడు వేరువేరు చోట్ల, ఆటలో డిక్కీలో దూరి మూత పడిపోగా, 11 మంది పిల్లలు మరణించిరి. ఎండలో నిలిపిన కారు డిక్కీ పొయ్యిమీది మూకుడువంటిది. పిల్లల శరీరము పెద్దల శరీరముకంటె 3 మొదలు 5 రెట్లు వేగముగా వేడెక్కును. బయటివారికి అరుపు వినబడకపోవచ్చును. ఆ మూడు ఘటనల తరువాత ఆ దేశపు రహదారి భద్రతా సంస్థ నిపుణుల సంఘమును నియమించెను. 2000 అక్టోబరులో నిబంధన వెలువడెను. 2001 సెప్టెంబరు 1 నుండి అమెరికాలో అమ్ముటకు తయారగు, విడి డిక్కీ గల ప్రతి కారులోను, లోపల చిక్కినవారు బయటపడు సాధనము తప్పనిసరియైనది. చేతితో లాగు పిడి అయినచో అది మూసిన డిక్కీ చీకటిలో స్పష్టముగా కనబడవలెను.

చీకటిలో కనబడుట ఎట్లు? దీపము పెట్టవచ్చును గాని దీపమునకు బాటరీ కావలెను. చాల కంపెనీలు వెలుతురును పీల్చుకొని మెల్లగా విడుచు పదార్థమును కలిపిన ప్లాస్టిక్ పిడిని ఎన్నుకొనినవి. మన ఊళ్ళలో ఇట్టి మెరుపు కాగితములను 'రేడియం' అందురు. వానిలో రేడియం ఏ మాత్రము లేదు. ఇరువదవ శతాబ్ది ఆరంభమున గడియారపు ముళ్ళకు నిజముగనే రేడియం కలిపిన రంగు పూసెడివారు. ఆ రంగు పూసిన కార్మిక స్త్రీలు దానివలన రోగగ్రస్తలైరి. పేరు మాత్రము మిగిలినది. డిక్కీ పిడిపై, మూతనుండి పారిపోవు మనిషి బొమ్మ యొకటి చెక్కియుండును. అక్షరములు రాని పిల్లవానికిని అర్థము కావలెనని ఈ ఏర్పాటు. పిడినుండి ఒక ఉక్కు తీగ నేరుగా గడియకు పోవును. నడుమ కంప్యూటరు లేదు, మోటారు లేదు, బాటరీ లేదు. ఈజిప్టు గడియను లాగినట్లే లాగవలెను. అది గుర్తింపును కూడ అడుగదు. లోపలినుండి లాగువాడు దొంగ కానేరడు గదా.

షెడ్డులోని యజమాని ఇంకను కారుముందే నిలిచియున్నాడు. అతడు రిమోటులోని లోహపు చెవిని తీసి డ్రైవరు తలుపు తెరచెను. డిక్కీకి వేరే రంధ్రము లేదు. బానెటు క్రింద ధ్రువమును కనబడలేదు. అతని కారులో వెనుక సీటు వీపు మడచుటకు వీలున్నది. కొన్ని కార్లలో ఆ సీటు కొక్కెము డిక్కీలోనే ఉండును. అట్లయినచో ఈ మార్గము మూతపడినట్లే. ఇతని కారులో కొక్కెము సీటు మీదనే యున్నది. దానిని విడిపించి, సీటును ముందుకు పడవేసి, టార్చి నోట కరచుకొని, సందులోనుండి ప్రాకెను. సామానుకు ఆవల, మూత లోపలివైపున, లేత ఆకుపచ్చగ మెరయుచు పిడి కనిపించెను. చేయి చాచి లాగినాడు. గడియ విడి మూత లేచెను. ఇక తీగలు తగిలించుటే మిగిలియున్నది: ముందు దిగిపోయిన బాటరీ ధన ధ్రువమునకు ఎఱ్ఱ తీగ, దాని రెండవ కొన మంచి బాటరీ ధన ధ్రువమునకు, ఆ తరువాత నల్ల తీగను మంచి బాటరీ ఋణ ధ్రువమునకు, దాని చివరి కొనను బాటరీకి దూరముగా కారు లోహపు భాగమునకు. ఇంజను నడిచి, స్టార్టరు రెండవసారి కూడ తనంత తాను తిరిగినదని చూచుకొనిన తరువాతనే అతడు డిక్కీ మూత వేసెను.